భవిష్యనిధి లెక్కలకు గడువు పొడిగింపు

సంఘములలో పనిచేయు గుమాస్తాలును గిడ్డంగి కావలివారును వృద్ధాప్యమున పరులకు చేయి చాచకుండుటకై, వారి నెలజీతమునుండి కొంతయు సంఘమునుండి కొంతయు చేర్చి భవిష్యనిధియందు నిలువచేయు పద్ధతి సభ్యులెరిగినదే. బాలాపూర్ ప్రాంతమున పొలములనేకము ఇండ్లస్థలములై, రైతుబిడ్డలెందరో కర్మాగారములలో జీతమునకు కుదిరిన ఈ కాలమున ఇది కార్యదర్శి యొక్కనికే చెందిన సంగతియని మేము తలంపము.

1952 నాటి చట్టము, తరువాతి సవరణననుసరించి, 20 మందికి తక్కువకాని సిబ్బందిగల సంస్థలకు వర్తించుచుండెను. సహకార సంఘమున 50 మందికి లోపుగా ఉండి, యంత్రశక్తి వాడనిచో మినహాయింపు నిచ్చిరి. కావున చిన్న సంఘములనేకము దీని వెలుపలనే యుండెను. ఐనను స్వచ్ఛందముగా చేరుటకు వీలు కల్పింపబడెను. చేరినపిమ్మట చిన్న సంఘము, పెద్ద సంఘము అను భేదము లేదు.

పూర్వము ప్రతి సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీ లోపల వార్షిక పట్టికలు పంపవలసియుండెను. 2012 నుండి నెలనెలా ఎలక్ట్రానిక్ చలానాతోనే లెక్కయు పోవుచున్నది. జీతపు మాసము ముగిసిన 15 దినములలోపల సొమ్ము చేరవలయును. అదనముగా నిచ్చుచుండిన 5 దినముల వెసులుబాటును 2016లో తీసివేసిరి. బాలాపూర్ గణపతి లడ్డూ వేలము 1994లో రు. 450తో మొదలై 2025లో రు. 35 లక్షలకు చేరినది. ఆ పాట విగ్రహము హుసేన్‌సాగరమునకు బయలుదేరుటకు ముందే జరుగును గాని మరునాటికి పెట్టుకొనరు. నెలకు వచ్చు 15వ తేదీని గూడ అట్లే చూడవలెను.

ఇక పొడిగింపు మాట. గడువు పెంచిరని వినినంతనే కార్యదర్శులు కొందరు కాగితములు బల్లసొరుగులో పెట్టి తాళము వేయుదురు. పొడిగింపబడినది కాగితమా, రొక్కమా అని అడిగిన సభ్యుని మేమింతవరకు చూడలేదు. అసలు అడుగవలసిన ప్రశ్న యదియే.

2020లో కరోనా వ్యాధిచే దేశము స్తంభించినప్పుడు, మార్చి నెల లెక్కలకు ఏప్రిల్ 15 నుండి మే 15 వరకు గడువిచ్చిరి. అదియు జీతములు చెల్లించితిమని తేదీతో వ్రాసియిచ్చిన యజమానులకే. ఏప్రిల్ 30న మరియొక మార్పు చేసిరి. లెక్కను వెంటనే పంపి సొమ్మును తరువాత కట్టుటకు వీలుగా రెండింటిని వేరుపరచిరి. చేతిలో రొక్కము లేదని లెక్కను ఆపుట తగదని దీనివలన తేలినది. కాని లెక్క పంపినంత మాత్రమున బాకీ తీరలేదు. ఆలస్యపు సొమ్ముపై ఏటికి నూటికి 12 వంతున వడ్డీ యుండెను. దానిపై నష్టపరిహారమును 2024 జూన్ నుండి నెలకు నూటికి 1 వంతుగా నిర్ణయించిరి. నెలకు రు. 40,000 కట్టవలసిన సంఘము రెండు నెలలు జాగుచేసినచో వడ్డీ రు. 800, పరిహారము రు. 800, వెరసి రు. 1,600. ఇది సంఘపు లాభమునుండి, అనగా రైతుల వాటానుండి పోవును. ఉద్యోగి జీతమునుండి పట్టుకొనిన వంతును గడువులోపల కట్టనిచో, ఆదాయపు పన్ను లెక్కలో దానిని ఖర్చుగా చూపరాదని సుప్రీముకోర్టు 2022 అక్టోబరు 12న తీర్పు చెప్పినది. ఈ నష్టము వడ్డీకంటె పెద్దది.

పొడిగింపు యజమానికి ఊరటయైనను ఉద్యోగికి నిరీక్షణయే. 2022 నవంబరు 4 నాటి సుప్రీముకోర్టు తీర్పు ననుసరించి అధిక పింఛనుకొరకు 17.49 లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఉద్యోగులకు 2023 జూలై 11తో గడువు ముగిసినది. యజమానులు జీతపు వివరములు పంపుటకు మాత్రము 2023 సెప్టెంబరు 30, డిసెంబరు 31, 2024 మే 31, 2025 జనవరి 31 అని గడువు జరుగుచు పోయినది. 2024 డిసెంబరు నాటికిని 3.1 లక్షల దరఖాస్తులు యజమానులవద్దనే నిలిచియుండెను. ఎన్ని మారులు పెంచినను లెక్కపుస్తకము తెరువని వానికి కాలము చాలదు గదా!

అమెరికాలో వైద్యశాలలును అంగళ్లును నడుపు మన తెలుగువారికి ఈ విషయమున వేరొక రీతి గలదు. అచ్చట విశ్రాంతి పథకపు వార్షిక నివేదికను, డిసెంబరుతో సంవత్సరము ముగియు పథకమునకు, జూలై 31 లోపల పంపవలెను. ఆ తేదీకి ముందే 5558 అను పత్రము నింపి పంపినచో అక్టోబరు 15 వరకు గడువు తనంతట లభించును. తేదీ దాటిన పిమ్మట అడిగిన ఫలము లేదు. అచ్చటి ఆదాయపు పన్ను శాఖ విధించు దండుగ దినమునకు 250 డాలర్లు, పరిమితి 1,50,000 డాలర్లు. అంత ధనిక దేశమునను ముందుగా అడిగినవానికే దయ.

మన సంఘములలో జాగునకు హేతువు తరచుగా ధనలోపము కాదు. రహస్యపదమును సంతకపు పరికరమును ఒక్కరివద్దనే యుండుటయని మా అభిప్రాయము. ఆ యొక్కరు పెండ్లికి పోయినను జ్వరపడినను 15వ తేదీ గడచిపోవును. పాలకవర్గము తీర్మానముచే రెండవవానికి గూడ అధికార మీయవలెను. పొడిగింపు ప్రకటన వెలువడినప్పుడు దాని ప్రతిని తీర్మానపు పుస్తకమున అంటించి, ఏ నెలకు, ఏ పత్రమునకు, ఎవరికి వర్తించునో దానిక్రిందనే వ్రాయవలెను. సొమ్మునకు వర్తింపనిచో ఆ నెల చలానాను మామూలు తేదీకే కట్టి రసీదును ప్రక్కనే పెట్టవలెను. సర్వసభ్య సమావేశమున ఆ పుట చూపుమని అడుగుటకు ప్రతి సభ్యునకు హక్కు గలదు.