నీళ్లకు లెక్క రాసిన సర్పంచ్

చి. మేనకోడలికి,

సర్పంచ్‌గా గెలిచావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ముందు ఏ పని పట్టుకోమంటారో మామయ్యను అడగమన్నావట. జవాబుగా ఒక మనిషి నడిచిన దారి రాస్తున్నాను. ఆయన మన రాష్ట్రం వాడు కాదు గానీ, ఆ ఊరి కరువు మన అనంతపురం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మహారాష్ట్రలో నిన్నమొన్నటిదాకా అహ్మద్‌నగర్ అని పిలిచిన జిల్లాలో హివ్రే బాజార్ అనే చిన్న ఊరుంది. సహ్యాద్రి కొండలు మబ్బుల్ని పడమటి వైపే ఆపేస్తాయి గనక అక్కడ ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మన జిల్లా సగటు 550 దాకా ఉంటుంది, ఈ మాట గుర్తుంచుకో. ఒకప్పుడు పహిల్వాన్లకు పేరుమోసిన ఆ ఊరు 1972 కరువు తర్వాత చితికిపోయింది. కొండ మీది చెట్లు పొయ్యిలోకి పోయాయి. వానకు మట్టి కొట్టుకుపోయింది. చేతనైనవాళ్లు పుణెకో ముంబైకో వలస వెళ్లారు, మిగిలినవాళ్లలో కొందరు సారా కాచి బతికారు.

పోపట్‌రావ్ పవార్ ఆ ఊరివాడే. ఎం.కాం. దాకా చదివాడు, క్రికెట్ బాగా ఆడేవాడు. ఆటలోనో ఉద్యోగంలోనో పైకొస్తాడని ఇంట్లోవాళ్ల ఆశ. 1989లో ఊరి కుర్రాళ్లు పట్టుబట్టి ఆయన్ని సర్పంచ్‌ను చేశారు. అదే జిల్లాలో రాలేగణ్ సిద్ధిలో అన్నా హజారే చేయించిన నీటి పనులు ఆయనకు దగ్గరలోనే ఉన్న పాఠం.

తొలి రోజుల్లోనే గ్రామసభలో సారా సంగతి ఎత్తి, బట్టీలు మూయించాడు. తర్వాత 1990లలో ఆ రాష్ట్రపు ఆదర్శ గ్రామ పథకంలో ఊరు చేరింది. చెట్టు కొట్టకూడదు, కొండ మీదికి పశువుల్ని తోలకూడదు, తాగకూడదు, కుటుంబ నియంత్రణ పాటించాలి, శ్రమదానం చేయాలి: ఇవీ షరతులు. కుటుంబంలో ఎందరుండాలో పంచాయతీ చెప్పడం నాకు సమ్మతం కాదు, దాన్ని నువ్వు తెచ్చుకోకు. మేత నిషేధం విషయంలోనూ ఒకటి ఆలోచించు. భూమి లేక నాలుగు మేకలతో బతికే ఇంటికే ముందు దెబ్బ తగులుతుంది. అక్కడ పశువుల్ని తోలడం ఆపారు గానీ, కొడవలితో గడ్డి కోసుకుని మోసుకుపోనిచ్చారు. గడ్డి పెరిగింది, పాడి పెరిగింది. 1990ల నడుమ రోజుకు 150 లీటర్లున్న పాలు తర్వాత 4,000 దాటాయి.

ఉపాధి హామీ డబ్బుతో కొండ చుట్టూ కందకాలు తవ్వించారు. ఆ ఊరికి వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా వీటినే మెచ్చుకుంటారు. కందకాలు చాలా ఊళ్లు తవ్వాయమ్మా. కొన్నాళ్లకు నీళ్లు పైకొచ్చాయి, వెంటనే పోటీపడి బోర్లు దింపారు, మళ్లీ మొదటికొచ్చారు. హివ్రే బాజార్ నిలబడింది మాత్రం ఆ వచ్చిన నీటికి హద్దు పెట్టుకున్నందువల్లే. సేద్యానికి బోరు వేయకూడదన్నారు. చెరకు, అరటి వద్దన్నారు.

ఎందుకంటావేమో. దక్కనులో నేల కింద గట్టి రాయి. పై పొరలో, రాతి పగుళ్లలో నిలిచే నీళ్లే మనకు దిక్కు. ఒకడు లోతుగా బోరు దింపితే పగుళ్ల వెంట పక్కవాడి బావి నీళ్లూ అటే పోతాయి. ఎవరి పొలం వారిదే గానీ నీళ్లు మాత్రం ఊరుమ్మడివి. అందుకే వాళ్లు వాన కొలుస్తారు, బావుల్లో మట్టం చూస్తారు, మనుషులకూ పశువులకూ ఎంత కావాలో పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి రబీకి ఏ పంట ఎన్ని ఎకరాలో గ్రామసభలో తేలుస్తారు. వాన తక్కువైన ఏడు ఎక్కువ నీళ్లు తాగే పంటలు తగ్గించుకుంటారు. 1995లో 168గా ఉన్న పేద కుటుంబాలు తర్వాత మూడుకు తగ్గాయి, వలస వెళ్లిన కుటుంబాలు తిరిగొచ్చాయి. పవార్‌కు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆదర్శ గ్రామ పథకాన్ని రాష్ట్రమంతా నడిపించే బాధ్యతా ఆయనకు వచ్చింది. ఓట్లడిగే మనిషి రైతుతో ‘నీ పొలంలో బోరు వేయకు’ అనడానికి ఎంత గుండె కావాలో ఈసరికి నీకే తెలిసి ఉంటుంది. మన్ననలన్నిటికన్నా నాకు అదే పెద్దది.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల మట్టం కొలిచి పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవారు ఆ పథకాన్ని. అనంతపురం అందులో ఉంది. ఆ రోజుల్లో కొలతలు తీసిన రైతులు మన చుట్టుపక్కల ఉంటారు, వాకబు చెయ్యి. వాళ్ల చేతే గ్రామసభలో మాట్లాడించు, నీకన్నా వాళ్ల మాట చెల్లుతుంది.

నిషేధాల జోలికి ఇప్పుడే పోకు. ముందు నాలుగు దిక్కులా నాలుగు బావులు ఎంచి, నెలకోసారి మట్టం కొలిపించు. అందులో ఒకటి నీకు ఓటెయ్యనివాళ్లదై ఉండాలి. వానమాపకాన్ని బడి ఆవరణలో పెట్టించి, రాసే పని పిల్లలకప్పగించు. అంకెలన్నీ పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక, రబీకి ముందు సభ పెట్టి, ఏం వేద్దామని వాళ్లనే అడుగు. మీ నాన్న పొలంలో రెండో బోరు వేయాలనుకుంటున్నాడని విన్నాను. సభ కన్నా ముందు ఆయనతో మాట్లాడు.

మీ మామయ్య