డాక్టరు చూడని గంటలు: పార్కిన్సన్స్‌పై ఫోను, వాచీల నిఘా

జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. బస్తర్‌లో పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న వ్యక్తి రాయ్‌పూర్ ఎయిమ్స్‌లోనో మరో పెద్ద ఆసుపత్రిలోనో న్యూరాలజిస్టును కలవాలంటే రోజంతా ప్రయాణానికే పోతుంది. తీరా గదిలోకి వెళ్లాక దొరికేది కొద్ది నిమిషాలు. అప్పటికి మాత్ర పనిచేస్తూ ఉంటే వణుకు అంతగా కనిపించదు. మందు ప్రభావం తగ్గి ఉంటే అదే మనిషి కుర్చీలోంచి లేవడానికే ఇబ్బంది పడతాడు. అతని అసలు స్థితి ఏది? రెండూ.

మెదడులో డోపమైన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఈ వ్యాధి లక్షణాలు కనిపిస్తాయి. ఆ లోటును పూడ్చే ప్రధాన ఔషధం లెవోడోపా. మొదటి సంవత్సరాల్లో ఒక్కో మోతాదు సాఫీగా పనిచేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని ప్రభావం తొందరగా తగ్గిపోయి, తర్వాతి మాత్ర వేళకు ముందే బిగుతు, వణుకు తిరిగొస్తాయి. మోతాదు పెంచితే శరీరం అదుపు లేకుండా ఊగే ప్రమాదం ఉంది. కాబట్టి వైద్యునికి కావలసింది ఏ గంటలో ఏం జరిగిందన్న లెక్క. డైరీ రాయమంటారు గాని, వణికే చేత్తో రోజూ రాయడం ఎంతమందికి సాధ్యం?

స్మార్ట్‌ఫోను, చేతి వాచీలలోని యాక్సిలరోమీటర్ కదలికల వేగంలో మార్పును కొలుస్తుంది. పార్కిన్సన్స్‌లో విశ్రాంతిగా ఉన్న చెయ్యి సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు వణుకుతుంది. మామూలు నడకలో అడుగులు సెకనుకు రెండు వరకు పడతాయి. ఈ లయల తేడాను బట్టి సాఫ్ట్‌వేర్ వణుకునూ నడకనూ వేరుచేస్తుంది. 2015లో అమెరికాలో మొదలైన ఎంపవర్ అధ్యయనం ఐఫోనుతోనే నడక, గొంతు, జ్ఞాపకశక్తి, తెరపై వేళ్లతో తట్టే వేగాన్ని పరీక్షించింది. 2023లో యూకే బయోబ్యాంక్ సమాచారాన్ని విశ్లేషించిన పరిశోధకులు, లక్షమందికి పైగా ఒక వారం చేతికి ధరించిన పరికరాల రికార్డులు పరిశీలించారు. వ్యాధి నిర్ధారణకు కొన్నేళ్ల ముందే కొందరి కదలికలు మందగించినట్లు వాటిలో కనిపించింది. అయితే అలసట వల్లా, కీళ్లనొప్పుల వల్లా నడక నెమ్మదిస్తుంది. వాచీ చూసి ఎవరికివారు జబ్బు నిర్ధారించుకోవడం తగదు.

మూర్ఛకూ ఇలాంటి పరికరాలు వచ్చాయి. కదలికతో పాటు చర్మంలోని విద్యుత్ మార్పులనూ గమనించే ఒక చేతిపట్టీకి అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అనుమతినిచ్చింది. ఒళ్లంతా కొట్టుకునే మూర్ఛను అది గుర్తిస్తుంది. కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం మూర్ఛ దానికి అందదు.

అసలు చిక్కు పరికరం కొనడంతో తీరేది కాదు. చదునైన నేలపై బూట్లతో నడిచేవారి కదలికలతో శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్, ఛత్తీస్‌గఢ్ వరి పొలాల గట్టు మీద ఉత్తకాళ్ల నడకను ఎలా అర్థం చేసుకుంటుంది? చేటతో బియ్యం చెరగడం, గతుకుల దారిలో మోటారుసైకిలు అదురు వణుకులా నమోదు కావచ్చు. తాత ఫోను మనవడి చేతిలోనూ ఉంటుంది, మరి తెరపై తట్టిన వేళ్లు ఎవరివి? ఇక్కడివారి కదలికలతో సరిచూడనిదే ఆ అంకెలపై మోతాదు మార్చలేం. ఆరోగ్య సమాచారం ఎవరి దగ్గరికి చేరుతోందన్నదీ తెలియాలి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు దేశంలో 2023లో చట్టం వచ్చింది.

వాచీ లేకపోయినా ఫోను కెమెరా పనికొస్తుంది. మాత్ర వేసుకోకముందు ఒకసారి, వేసుకున్న గంటకు మరోసారి, రోగి లేచి నడవడాన్ని ఇంట్లోవారు నిమిషంపాటు వీడియో తీసి, సమయం రాసిపెట్టుకుంటే చాలు. తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు ఆ రెండింటినీ పక్కపక్కన చూడవచ్చు.