అతుకు దగ్గరే అసలు ప్రశ్న: అతివాహకం నుంచి కార్బన్ నానోట్యూబ్‌లోకి విద్యుత్తు

సూరత్‌లోని కోసాడ్‌లో ఉంటూ నెట్‌కో గేట్‌కో చదువుకునే మన పిల్లల్లో సాంచాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఒక సంగతి చెప్పక్కర్లేదు: తెగిన పోగు అతికినచోట ముడి లావైతే బట్ట మీద అక్కడే తేలుతుంది. ఈ పాఠంలోనూ కన్నేయాల్సింది అతుకు మీదే.

కావాల్సిన పునాది

1911లో కామర్లింగ్ ఓన్స్ సుమారు 4.2 కెల్విన్ దగ్గర పాదరసం నిరోధం మాయమవడం చూశాడు. 1957 నాటి బీసీఎస్ సిద్ధాంతం కారణం చెప్పింది: అతివాహకంలో ఎలక్ట్రాన్లు కూపర్ జంటలుగా ఉంటాయి. జంట విడిపోవాలంటే ఒక్కో ఎలక్ట్రాన్‌కు కనీసం ‘శక్తి అంతరం’ అంత శక్తి అందాలి. నయోబియంలో అది దాదాపు 1.4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, అల్యూమినియంలో 0.18.

ఇక నానోట్యూబ్. లోహగుణమున్న ఒంటిపొర గొట్టంలో రెండు దారులు, ఒక్కో దారికి రెండు స్పిన్‌లు, మొత్తం నాలుగు మార్గాలు. అందుకే అతుకులు ఎంత బాగున్నా, మామూలు లోహాల మధ్య దాని నిరోధం సుమారు 6.5 కిలో ఓమ్‌లకు తగ్గదు.

ఆండ్రీవ్ పరావర్తనం

మార్కులన్నీ ఇక్కడే. శక్తి అంతరం కంటే తక్కువ శక్తితో ఒంటరి ఎలక్ట్రాన్ నానోట్యూబ్ వైపు నుంచి అతివాహకం సరిహద్దుకు వచ్చిందనుకోండి. లోపల దానికి చోటు లేదు, జంటకైతే ఉంది. అది మరో ఎలక్ట్రాన్‌ను తోడు తీసుకుని జంటగా లోపలికి వెళుతుంది. ఆ తోడు ఖాళీ చేసిన చోటు రంధ్రంగా, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. దాటిన ఆవేశం రెండు ఎలక్ట్రాన్లది. 1964లో ఆండ్రీవ్ చెప్పింది ఇదే. ‘పరావర్తనం’ అన్న మాట చూసి ప్రవాహం ఆగిపోయిందని రాసేవాళ్లున్నారు. నిజానికి అతుకు నిర్దోషంగా ఉంటే అక్కడ వాహకత్వం రెట్టింపవుతుంది.

అతుకు చెడితే

జంటగా దాటడం అరుదైపోతుంది, తక్కువ వోల్టేజి వద్ద నిరోధం పెరుగుతుంది. రెండు వైపులా అతుకులు బలహీనమైతే నానోట్యూబ్ చిన్న దీవిలా మారుతుంది. ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఎక్కించడానికీ విడిగా శక్తి పెట్టాలి. దీన్నే కూలుంబ్ దిగ్బంధం అంటారు.

ప్రయోగాలు

1999లో మోర్పుర్గో బృందం నయోబియం స్పర్శలున్న నానోట్యూబ్‌ను 4.2 కెల్విన్‌లో పరీక్షించింది. గేట్ వోల్టేజి మార్చితే చాలు, అదే పరికరం ఒకసారి ఆండ్రీవ్ తీరులో, మరోసారి టన్నెలింగ్ తీరులో, అంటే అతుకు చెడినట్టుగా, నడిచింది. నాకు అన్నిటికంటే ముచ్చటైన ప్రయోగం ఇదే: అతుకును బయటి నుంచే సరిచేయవచ్చని చూపింది. అదే ఏడాది కసుమోవ్ బృందం నానోట్యూబ్ గుండా నిరోధం లేని ప్రవాహాన్ని చూసింది. 2006లో హరియో-హెరేరో బృందం ఆ ప్రవాహాన్ని గేట్‌తో పెంచి తగ్గించే ట్రాన్సిస్టర్ చేసింది.

ఒక లెక్క

ద్రవ హీలియం మరిగే 4.2 కెల్విన్ వద్ద ఉష్ణశక్తి 0.36 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. నయోబియం అంతరం దానికి దాదాపు నాలుగు రెట్లు, కాబట్టి ద్రవ హీలియం సరిపోతుంది. అల్యూమినియం 1.2 కెల్విన్ కంటే దిగువకు వెళ్లాకే అతివాహకమవుతుంది.