దంత సేతువు

తెలుగు వర్ణమాలను బోధించునపుడు త, థ, ద, ధ, న, ల, స అను అక్షరములను దంత్యములనియు, వకారమును దంతోష్ఠ్యమనియు చెప్పుచుందుము. ఉర్దూలోని 'ఫే' కూడ ఇట్టిదే. పైపళ్ళు క్రిందిపెదవిని తాకినగాని ఆ ధ్వని పుట్టదు. పలుకునకు పన్ను ఎంత అవసరమో వ్యాకరణవేత్తలు ఏనాడో గుర్తించిరి. మనము మాత్రము పన్ను ఊడిన తరువాతనే గుర్తించుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో చక్కని కంఠము గల విద్యార్థి ఒకడు వక్తృత్వపు పోటీకి పేరిచ్చి, తీరా ఆ దినమున రాలేదు. విచారింపగా, క్రికెట్ బంతి తగిలి పై ముందుపన్ను ఒకటి ఊడినదనియు, నోరు తెరచిన నలుగురు నవ్వుదురను జంకుతో ఇంటనే ఉండిపోయెననియు తెలిసినది. పిమ్మట అతడు రోడ్డు ప్రక్కన పళ్ళు కట్టువానివద్ద కొద్ది రూపాయలతో ఒక్కపూటలో పన్ను పెట్టించుకొనెను. మూడు నెలలు తిరుగకముందే చిగురు వాచి, చీముపట్టి, ప్రక్కపన్ను కూడ కదలసాగెను. పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయి అయితేనేమి అను సామెత మాకు అప్పుడు గుర్తుకు వచ్చినది. ఈ వ్యాసమునకు ఆ సంఘటనయే కారణము.

పెద్దవారి నోటిలో జ్ఞానదంతములతో కూడ 32 పళ్ళు ఉండును. ఒకటి పోయిన మిగిలినవి 31 ఉన్నవి గదా అని అనుకొందుము. కాని పళ్ళు ఒకదానికొకటి ఆనుకొని నిలిచిన ఇటుకలవంటివి. ఒకటి తొలగిన, ఇరుప్రక్కలవి ఆ ఖాళీలోనికి ఒరుగును. ఎదుటి దవడలోని పన్ను తనకు అడ్డము లేనందున క్రమముగా వెలికివచ్చును. వేరు లేనిచోట దవడ ఎముక కరగి పలుచనగును. ఒరిగిన పళ్ళ సందులలో ఆహారము చిక్కి పుచ్చు ఆరంభమగును. ఒక పంటి లోటు ఇట్లు నాలుగు పళ్ళ లోటగును.

ఈ లోటును తీర్చుటకు నేడు మూడు మార్గములు కలవు. మొదటిది తీసి పెట్టుకొను కట్టుడుపళ్ళు. రెండవది ప్రక్కపళ్ళ ఆధారముతో స్థిరముగా అమర్చు బ్రిడ్జి. దీనినే మేము దంతసేతువు అనుచున్నాము. మూడవది దవడ ఎముకలో టైటానియం మరను నాటి, దానిపై పన్ను నిలుపు ఇంప్లాంటు. స్వీడను దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ దీనిని 1965లో మొదటిసారి మనిషికి అమర్చెను.

సేతువు మాత్రము మిక్కిలి ప్రాచీనమైనది. ఇటలీలోని ఎట్రుస్కనులు క్రీస్తుకు పూర్వమే బంగారు పట్టీలతో మారుపళ్ళను నిలుపుకొనిరి. కార్డోవా నగరమునకు చెందిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ (936-1013) 'కితాబ్ అల్ తస్రీఫ్' అను 30 భాగముల గ్రంథమున, వదులైన పళ్ళను బంగారు తీగతో గట్టిపళ్ళకు కట్టు విధమును, ఊడిన పంటిచోట ఆవు ఎముకను చెక్కి అమర్చు విధమును వర్ణించెను. వెండి తీగ కాలక్రమమున చెడును, బంగారము చెడదని ఆయన హెచ్చరించెను. మన దేశమున ఈ విద్యకు పునాది వేసినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. వారు 1920లో కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించిరి.

ఇక సేతువు నిర్మాణమును చూతము. నదిపై వంతెనకు రెండు గట్లు ఎట్లో, దీనికి ఖాళీకి ఇరువైపులనున్న పళ్ళు అట్టివి. వైద్యుడు ఎక్స్‌రే తీసి వాని వేళ్ళను, ఎముకను పరీక్షించును. పిదప వానిని చుట్టును 1 నుండి 2 మిల్లీమీటర్ల మేరకు అరగదీసి, అచ్చు తీసి, ప్రయోగశాలకు పంపును. అచ్చట రెండు తొడుగులును, నడుమ మారుపన్నును ఏకఖండముగా తయారగును. లోపల లోహము, పైన పింగాణి ఉండునవి కొన్ని; జిర్కోనియాతో చేయునవి కొన్ని. అంతవరకు తాత్కాలికపు తొడుగు ఉంచి, సరిచూచి, చివరకు సిమెంటుతో అతికింతురు.

వంతెన ఎంత పొడవైన స్తంభములు అంత బలముగా ఉండవలెను గదా! ఆధారపు పళ్ళ వేళ్ళ వైశాల్యము, పోయిన పళ్ళ వేళ్ళ వైశాల్యమునకు తక్కువ కారాదని 1926లో ఆంటే అను వైద్యుడు ఒక సూత్రము చెప్పెను. నేటి వైద్యులు దానిని శాసనముగా గాక మార్గదర్శకముగా గ్రహింతురు.

ఇందొక ధర్మసంకటము కలదు. పోయిన ఒక పంటికొరకు ఆరోగ్యముగా ఉన్న రెండు పళ్ళను అరగదీయవలసి యున్నది. పంటిపైని పింగాణి పొర శరీరమున అన్నిటికంటె గట్టిది. కాని ఒకసారి పోయిన తిరిగి పెరుగదు. కనుకనే చిన్నవయస్సు వారికి ముందుపన్ను ఒక్కటే పోయినచో, ప్రక్కపంటి వెనుక సన్నని రెక్కను జిగురుతో అంటించు సేతువు మేలందురు. దీనికి ఆద్యుడు 1973లో ఫ్రాన్సుకు చెందిన రోషెట్.

మా విద్యార్థికి చివరకు జరిగినది ఇదియే. అర్హతగల దంతవైద్యుడు మొదట ఆ నాటుపన్నును తొలగించి, చిగురును మాన్పి, కదలుచున్న పంటిని నిలబెట్టి, రెండవ ప్రక్కనున్న గట్టిపంటికి రెక్క అంటించెను. మరుసటి సంవత్సరము అతడు వేదికనెక్కి దంత్యములన్నింటిని తడబడక పలికెను. బహుమతి రాలేదు, మాకు ఆ లోటు తోచలేదు.

సేతువు కట్టించుకొన్నవారు మారుపంటి క్రింద చేరు ఆహారమును దారముతోగాని, సన్నని బ్రష్షుతోగాని దినమున కొకసారి శుభ్రము చేయవలెను. ఆధారపు పన్ను పుచ్చిన సేతువే కూలును. గుట్కా, పొగాకు చిగుళ్ళకు శత్రువులు. మధుమేహము గలవారు మరింత జాగ్రత్త వహింపవలెను.

అన్నింటికంటె ముఖ్యమగు మాట ఒకటి. ఆటలో పక్కాపన్ను ఊడిపడిన దానిని పారవేయరాదు. వేరును తాకక పైభాగమున పట్టుకొని, పాలలో ఉంచి, వీలైనంత త్వరగా, గంట దాటకముందే వైద్యుని చేరిన దానినే తిరిగి నాటుటకు అవకాశము కలదు. మా విద్యార్థి పన్ను మైదానపు దుమ్ములో మిగిలిపోయినది. ఈ సంగతి ఆనాడు మాకును తెలియదు. ఈ నాలుగు మాటలు మన ఆటల గది గోడపై వ్రాయించి, సంవత్సరమున కొకసారి దంతపరీక్ష ఏర్పాటు చేయింపుమని కళాశాల కార్యవర్గమును సవినయముగా కోరుచున్నాము. సేతువు మంచిదే, దాని అవసరము రాకుండుట అంతకంటె మంచిది.