చెరువులో చేపకూ వాటా

ఐరాల మండలం చిత్తూరు జిల్లాలో ఉంది. కాణిపాకం ఈ మండలంలోనే ఉంది. కాణిపాకం పక్కనే బాహుదా నది. వానొస్తేనే ఏట్లో నీళ్లు. అందుకే పెద్దలు చెరువులు కట్టారు.

కరువొచ్చి చెరువు నిండకపోతే ఏం చేయాలి?

రాయలసీమ చెరువుల కింద పూర్వం దామాషా పద్ధతి ఉండేది. నీళ్లకు తగ్గట్టు మడి తగ్గించేవారు. ఎవరి భూమి ఎంతో, ఆ లెక్కన ఆ మడిలో వాటా.

మనమూ లెక్క వేద్దాం. చెరువు నీళ్లు 10 బిందెలు అనుకోండి. ఎండకు, ఇంకుడుకు 3 పోతాయి. పశువులకు 1. చేపలకు 2. పైరుకు మిగిలేది 4.

వరి 6 బిందెలు అడిగిందనుకోండి. 2 తక్కువ! అప్పుడు తూముకు కింద ఉన్న నీళ్లకు ఇంజన్ పెడతారు. అవి చేపల నీళ్లు.

"మనకే లేవు, చేపకెందుకమ్మా?" అంటుంది కోడలు.

"అడుగు నీళ్లుంటే చేప ఉంటుంది. పశువు తాగుతుంది. బావిలో ఊట నిలుస్తుంది" అంటుంది అత్త.

నీళ్లు తగ్గితే తొందరగా వేడెక్కుతాయి. వేడి నీళ్లలో గాలి తక్కువ. బొచ్చె, రోహు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. తర్వాత చచ్చిపోతాయి. కొరమేను పైగాలి పీల్చి కొన్నాళ్లు బతుకుతుంది.

మరి దారి? వరి తగ్గించాలి. రాగి పెట్టాలి. దానికి నీళ్లు తక్కువ చాలు.

1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. ఆయకట్టులో తమ పేరున భూమి ఉన్న ఆడవాళ్లూ అందులో సభ్యులే. అక్కలారా, సంఘంలో మాట్లాడండి.

చెప్పండి:
1. చెరువులో 8 బిందెలే ఉంటే పైరుకు ఎన్ని?
2. మీ చెరువులో తూముకు కింద ఎన్ని అడుగుల నీళ్లు నిలుస్తాయి?