విష్ణుక్రాంతాన్ని గుర్తుపట్టడం ఎలా?

వినాయక చవితి పత్రి 21 రకాల్లో విష్ణుక్రాంతం ఒకటి. ఒక ఏడాది మేము సంచి నిండా ఆకులు కోసుకొచ్చి, విష్ణుక్రాంతం అనుకుని శంఖుపుష్పం తీగ పెట్టేశాం. ఆ తప్పు పూజతోనే పోయింది. కానీ పదో తరగతి పరీక్షల ముందు మాలో ఒకడు జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఏదో నీలిపువ్వు మొక్క నమిలి రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. అదేం మొక్కో వాడికి ఇప్పటికీ తెలియదు. అందుకే తమ్ముళ్లకు ఈ నాలుగు ముక్కలు.

మన కొడవలూరు వరిమళ్లలో దీన్ని వెతకవద్దు. నీళ్లు నిలవని మెట్ట బీట్లో, గడ్డి పొట్టిగా ఉన్నచోట చూడాలి. సన్నటి కాడలు నేలమీదే పరుచుకుని ఉంటాయి. పువ్వు చొక్కా గుండీ అంత కూడా ఉండదు, మోకాళ్ల మీద కూర్చుంటేనే కనబడుతుంది. ఉదయం టిఫినుకు ముందే వెళ్లండి, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. అయిదు రేకులు ఉన్నట్టు అనిపించినా అన్నీ కలిసిపోయిన ఒకే చిన్న నీలి పళ్లెం అది. ఆకు మీద పట్టులాంటి నూగు ఉంటుంది. శంఖుపుష్పం చిక్కుడు జాతిది, కంచెకు చుట్టుకుని పాకుతుంది. ఇది దేనికీ చుట్టుకోదు. శాస్త్రీయ నామం ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్. ఇవాల్వులస్ అంటే చుట్టుకోనిదనే అర్థం. లిన్నేయస్ 1753లో దీన్ని చుట్టుకునే కన్వాల్వులస్‌లో చేర్చి, 1762లో వేరుచేశాడు. అంతటివాడే మార్చుకున్నాడు, మనమెంత! లెన్సుతో చూస్తే పువ్వు మధ్య రెండు కీలాలు, ఒక్కొక్కటి మళ్లీ రెండుగా చీలి కనబడతాయి.

క్రాంతం అంటే అడుగుపడినది. వామనుడు మూడడుగులు కొలిచిన కథను పెద్దలు ఈ పేరుతో ముడిపెడతారు. కేరళలో తిరువాతిర రాత్రి ఆడవాళ్లు తలలో పెట్టుకునే దశపుష్పాల్లోనూ ఇది ఉంది.

ఇక జ్ఞాపకశక్తి సంగతి. ఆయుర్వేదంలో శంఖపుష్పి మేధస్సుకు మంచిదంటారు. చిక్కేమిటంటే ఆ పేరుతో ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్క వాడతారు. విష్ణుక్రాంతం, శంఖుపుష్పం, ఇంకో కన్వాల్వులస్ కూడా అందులో ఉన్నాయి. కాబట్టి వైద్యుడు చెప్పకుండా ఏదీ నమలవద్దు. పైగా చేలగట్ల మీద గడ్డిమందు కొడుతుంటారు.

ఈసారి చవితికి నాలుగు కొమ్మలే తుంచాం, వేరు పీకలేదు. వంట చేసే అవ్వ చేతిలోకి తీసుకుని, "ఇన్నేళ్లూ దీన్నేనా తొక్కుకుంటా తిరిగింది!" అంది.