శని వలయం పళ్ళెమా, రాళ్ళగుంపా?

పూర్వం కళ్ళంలో ఎడ్లను పక్కపక్కన బంతి కట్టి, గుంజ చుట్టూ తిప్పుతూ ధాన్యం నూర్చేవారు. గుంజ దగ్గరి ఎద్దు నెమ్మదిగా నడిస్తే చాలు. చివరి ఎద్దు ఇంచుమించు పరుగెత్తాలి. అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి కదా! గట్టి పళ్ళెం తిరిగినా ఇంతే, అంచుకు పోయేకొద్దీ వేగం హెచ్చు.

గ్రహాల సంగతి వేరు. వాటిని కలిపి కట్టిన తాడేదీ లేదు. సూర్యునికి దగ్గరున్న బుధగ్రహం వేగంగానూ, దూరాన ఉన్న శని నెమ్మదిగానూ తిరుగుతాయి.

మరి శని చుట్టూ ఉన్న వలయం? అది గట్టి పళ్ళెమైతే నిలవదనీ, లెక్కలేనన్ని తునకల గుంపు అయి ఉండాలనీ 1850లలో మాక్స్‌వెల్ గణితంతో చూపాడు. కాని దూరదర్శినిలో ఒక్క తునకా విడిగా కనిపించదే! తేల్చేదెలా? లోపలి అంచుది ఎక్కువ వేగమా, బయటి అంచుదా అన్నది తెలిస్తే చాలు.

దగ్గరకు వచ్చే రైలు కూత కీచుగా, దూరమయ్యే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది. ఇదే డాప్లర్ ప్రభావం. కాంతికీ ఇది వర్తిస్తుంది. కాంతినిచ్చే వస్తువు మనవైపు వస్తుంటే వర్ణపటంలోని నల్లగీతలు ఊదా వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరుగుతాయి? వస్తువు వేగం సెకనుకు 20 కిలోమీటర్లనుకోండి. కాంతి వేగం 3,00,000. అంటే 15,000వ వంతు. 5,890 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి సోడియం గీత 0.4 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే జరుగుతుంది!

శని వలయం విషయంలో మాత్రం ఇది రెండింతలవుతుంది. ఎందుకంటారా? వలయానికి స్వయంగా వెలుగు లేదు. ఎదురొచ్చే తునక సూర్యకాంతిని అందుకునేటప్పుడు ఒకసారి, మనకు పంపేటప్పుడు మరోసారి మార్పు వస్తుంది. (మా తరగతిలో ఒకమ్మాయి నాకంటే ముందే ఈ జవాబు చెప్పేసింది.)

1895 ఏప్రిల్‌లో అమెరికాలోని అలెఘెనీ వేధశాలలో జేమ్స్ కీలర్ తన వర్ణపటదర్శిని చీలికను శనికీ వలయానికీ అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసదాకా నిలిపి ఫోటో తీశాడు. గ్రహం తాలూకు గీతలు ఒక పక్కకు వాలాయి. అది బంతి కట్టిన ఎడ్ల తీరు. వలయం గీతలు మాత్రం దానికి ఎదురు పక్కకు వాలాయి! అంటే లోపలి అంచే వేగంగా పోతున్నదన్నమాట.

కాంతివంతమైన వలయాల లోపలి అంచు శని కేంద్రం నుంచి సుమారు 92,000 కిలోమీటర్లు, బయటి అంచు 1,37,000 కిలోమీటర్లు. బయట వేగం సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు. పళ్ళెమే అయితే లోపల 11 ఉండాలి. ఉన్నది 20.